కర్ర మీది ఎరుపు

నేను తీసిన ఒక వీడియో కాపీ వల్ల ఒక మనిషి మోకాలు విరిగింది. కర్ర పట్టింది నేను కాదు. కానీ ఎవరిని కొట్టాలో ఆ కర్రలకు చూపించిన క్యాసెట్ నా చేతుల మీదుగానే పోయింది. ఇన్నేళ్ల తర్వాత ఈ సంగతి రాస్తుంటే నాకు ఏడుపు రాదు, ఒళ్లు మండుతుంది. ఆ మంటలో సగం నా మీదే.

అప్పట్లో సూర్యాపేటలో మాకు ఫొటో, వీడియో దుకాణం ఉండేది. మా ఆయన కెమెరా భుజాన వేసుకుని పెళ్లిళ్లకు పోయేవాడు. ఆయన తెచ్చిన క్యాసెట్‌ను మిక్సింగ్ చేసి, పేర్లూ పూలూ వేసి, కాపీలు తీసి ఇవ్వడం నా పని. వెనక గదిలో రెండు వీసీఆర్‌లు, ఒక మిక్సర్, పద్నాలుగు అంగుళాల టీవీ, నేను. నాది కోదాడ, ఆంధ్రా పొలిమేర. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి ఈ ఊరికి కోడలిగా వచ్చాను. మాట చివర నేను 'అండీ' అంటే కౌంటర్ దగ్గర ఆడవాళ్లు నవ్వేవాళ్లు, ఆంధ్రా పిల్ల వచ్చిందని. టీవీ వెనక డబ్బా విప్పి నేను పనిచేస్తుంటే మాత్రం నవ్వు మాని నోరు తెరుచుకుని చూసేవాళ్లు.

జరిగింది అర్థం కావాలంటే టీవీలో రంగు సంగతి కొంచెం చెప్పాలి. మా లెక్చరర్ ఒకాయన బోర్డు మీద గీసి చెప్పారు. కలర్ టీవీలో బొమ్మ ఒకటిగా రాదు, రెండుగా వస్తుంది. ఒకటి వెలుగునీడల బొమ్మ, అంటే పాత నలుపు తెలుపు టీవీలో కనిపించేది. దానికి సిగ్నల్‌లో పెద్ద వాటా ఇస్తారు, అందుకే ముక్కూ చెవీ వేలూ గీతా అన్నీ స్పష్టంగా ఉంటాయి. రెండోది రంగు. దానికి చిన్న వాటా. మనిషి కన్ను గీత తప్పితే పట్టుకుంటుంది, రంగు కాస్త అటూ ఇటూ పారితే పట్టుకోదు. ముగ్గు వేసినట్టే అన్నారాయన. తెల్ల పిండితో గీత గీసి, తర్వాత లోపల రంగులు నింపుతాం. రంగు గీత దాటి పడ్డా దూరం నుంచి చూసేవాడికి ముగ్గు ముగ్గులాగే ఉంటుంది.

క్యాసెట్‌లో ఈ రంగు వాటా ఇంకా తగ్గిపోతుంది. పైగా కాపీ తీసిన ప్రతిసారీ రంగు కాస్త కుడికి, కాస్త కిందికి జరుగుతుంది. గీతలు ఉన్న చోటే ఉంటాయి, రంగు మాత్రం కదులుతుంది. అసలు క్యాసెట్ నుంచి తీసిన కాపీలో పెద్దగా తెలియదు. కాపీకి కాపీ, దానికి మళ్లీ కాపీ తీస్తే పెళ్లికూతురి పెదాల ఎరుపు గడ్డం మీదికి వస్తుంది. ఇది నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను. అసలు క్యాసెట్ అరిగిపోతుందని దాన్ని బీరువాలో పెట్టి, కాపీ మీద కాపీలు లాగేదాన్ని. రంగు వెలిసిపోయిందని జనం గొణుగుతారు కాబట్టి మిక్సర్‌లో రంగు పెంచేదాన్ని. మా దగ్గర కుంకుమ, పట్టుచీర, పందిరి గుడ్డ, అన్నీ కొట్టొచ్చినట్టు ఎర్రగా ఉండాలి. ఎరుపు తక్కువైతే పెళ్లి సరిగా జరగనట్టే చూసేవాళ్లు.

రెండువేల మూడు ఎండాకాలంలో పెన్‌పహాడ్ వైపు ఒక ఊళ్లో పెళ్లి వీడియో ఒప్పుకున్నాం. గొర్లు కాసుకునే కుటుంబం. పొద్దున తాళి కట్టారు, మధ్యాహ్నం భోజనాలు. అక్కడ వాళ్లకు ఒక మర్యాద ఉంది. ఆడపెళ్లివారు కోసిన పొట్టేలు తలకాయ కూర మగపెళ్లివారి పెద్దల్లుడి విస్తట్లో పడాలి. ఆ పెద్దల్లుడు, అంటే పెళ్లికొడుకు అక్క భర్త, మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో బస్తాలు మోసే మనిషి, అందరికీ మిల్లు బావ. విస్తట్లో తలకాయ వచ్చింది, అందులో నాలుక లేదు. నాలుక ఏ పిల్లి ఎత్తుకుపోయిందని ఆయన నవ్వుతూ అన్నాడట. మమ్మల్ని దొంగలంటావా అని పెళ్లికూతురి అన్న లేచాడు. అతను ఆ ఇంటి పెద్దకొడుకు. నాలుగు మాటలయ్యాయి, విస్తర్లు ఎగిరాయి. అక్కడి మగవాళ్లు చెప్పులు మరిచినా చేతికర్ర మరవరు.

మా ఆయన ట్రాక్టర్ ట్రాలీ ఎక్కి కెమెరా ఆపకుండా నిలబడ్డాడు. ధైర్యంతో కాదు, దిగే దారి లేక. నిమిషంన్నర టేపు. తర్వాత నేను దాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. దుమ్ములో కర్రలు లేస్తాయి, పడతాయి. ఒకడి చెవి తెగి మెడ మీదికి కారుతుంది. అన్నం గంపలో మనిషి పడతాడు, వాడి మీద ముగ్గురు పడతారు. అప్పుడు పెళ్లికూతురి తండ్రి రెండు చేతులూ పైకెత్తి, ఆగమంటూ మధ్యలోకి తోసుకుపోతాడు. గుంపు ఆయన్ను మూసేస్తుంది. పది క్షణాల తర్వాత గుంపు విచ్చుకుంటుంది. ఆయన నేల మీద ఉంటాడు, తల పక్కన మట్టి తడిగా ఉంటుంది. ఎవరి కర్ర తగిలిందో టేపులో లేదు. కుడి పక్కన శామియానా ఎర్ర తెర, దానికి కుడివైపు ఆనుకున్నట్టుగా మిల్లు బావ, చేతిలో నిటారుగా కర్ర. ఎడమ పక్కన పెద్దకొడుకు, కర్ర కిందికి వాల్చి, రొప్పుతూ.

ముసలాయనను జీపులో సూర్యాపేట దవాఖానకు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు తీసుకుపోయారు. జీపులో ఆయన పెద్దకొడుకు చెయ్యి పట్టుకుని ఒక్క మాట అన్నాడని తర్వాత అందరూ చెప్పుకున్నారు. "నన్ను కొట్టినోన్ని ఏమనకుర్రి." మళ్లీ స్పృహలోకి రాలేదు, మూడో రోజు పోయాడు. ఎంత పెద్ద మనసని కొందరన్నారు, తలకు దెబ్బ తగిలి ఏదో పలవరించాడని కొందరన్నారు. కొడుకులు మాత్రం ఆ మాట చెవిన వేసుకోలేదు. చెల్లెలి కాపురం సంగతి తర్వాత, ముందు తండ్రిని చంపినవాడు దొరకాలన్నారు. మెడలో తాళి పచ్చగా ఉండగానే పెళ్లికూతురు పుట్టింట్లో మూల కూర్చుంది.

పోలీసులు ఒక కాపీ తీసుకున్నారు. ఎవరూ ఎవరి పేరూ చెప్పలేదు. కర్మకాండలయ్యాక పెద్దకొడుకు వచ్చి పెళ్లి క్యాసెట్ కాపీలు అడిగాడు, బంధువులకూ కావాలన్నాడు. అందరికీ తీసినట్టే తీసి ఇచ్చాను. కాపీకి కాపీ, రంగు పెంచి. చచ్చిపోయిన మనిషి ఆఖరిసారి కనిపించే క్యాసెట్ కదా, ఇంకాస్త జాగ్రత్తగా తీద్దామన్న ఆలోచన కూడా రాలేదు. ఆ రోజు నాకు చేతినిండా పని ఉంది, అంతే.

ఇరవై రోజుల తర్వాత అతను మళ్లీ వచ్చాడు. చేతి వేళ్ల కణుపులు చీరుకుపోయి, పొక్కులు కట్టి ఉన్నాయి. మొహం మాత్రం తేలిగ్గా ఉంది. నాకు దండం పెట్టినంత పని చేశాడు. ఇంట్లో అందరూ కూర్చుని క్యాసెట్ చూశారట. గుంపు విచ్చుకున్న చోట ఆపితే మిల్లు బావ కర్ర కొసన ఎర్రగా నెత్తురు కనిపించిందట. మళ్లీ వేసి మళ్లీ ఆపారట, ప్రతిసారీ కనిపించిందట. అన్నదమ్ములూ చిన్నాయన కొడుకులూ నలుగురు మిర్యాలగూడ పోయారు. పట్టపగలు, మిల్లు ముందు లారీల మధ్య. ఆయన వీపు మీద బస్తా ఉంది. మొదటి దెబ్బ మణికట్టు మీద. బస్తా జారి పగిలి బియ్యం కాళ్ల కింద పరుచుకున్నాయి, ఆ బియ్యంలో జారి ఆయన పడ్డాడు. ఆ తర్వాత మోకాలు. మోకాలి చిప్ప శబ్దం ఎలా వచ్చిందో కూడా అతను చెప్పాడు. తోటి హమాలీలు ఇనుప కొక్కేలతో ఉరికి రాకపోతే అక్కడే అయిపోయేదన్నాడు.

"అక్కా, మీ క్యాసెట్ లేకుంటె వాడు మాకు దొరికేటోడు కాదు" అన్నాడు. "చెయ్యి ఇరిగింది, కాలిరిగింది. ఇగ పానం ఒక్కటే మిగిలింది. ఐతారం నాడు పెద్దమనుషుల ముంగట క్యాసెట్ ఏస్తం. జర మంచి కాపీ తియ్యి. వాళ్లు చూసినంక అది గూడ ఖతం చేస్తం."

పాత కాపీ కౌంటర్ మీద పెట్టిపోయాడు. విప్పి చూస్తే టేపు ఒకే చోట నలిగి, తెల్లగా గీతలు పడి ఉంది. వీసీఆర్‌లో బొమ్మ ఆపితే టేపు ఆగుతుంది గానీ లోపలి హెడ్ తిరుగుతూనే ఉంటుంది, ఆగిన చోటే రుద్దుతూ ఉంటుంది. ఎన్నిసార్లు ఆపితే అంత నలుగుతుందో నాకు తెలుసు. ఆ ఇంట్లో వాళ్లు పగను అలా రుద్ది రుద్ది పెంచుకున్నారని నాకు అప్పుడు అర్థమైంది.

మంచి కాపీ కావాలన్నాడు కదా అని బీరువాలోంచి అసలు క్యాసెట్ తీశాను. గుంపు విచ్చుకున్న చోటికి రాగానే నా చెయ్యి ఆగింది. అసలు క్యాసెట్‌లో మిల్లు బావ కర్ర మీద నెత్తురు లేదు. ఎర్ర తెర కర్రకు బెత్తెడు ఇవతలే ఆగిపోయింది. నలిగిన కాపీ వేశాను. తెర ఎరుపు కుడికి జరిగి కర్ర కొసకు అంటుకుంది, అచ్చం నెత్తురులాగా. నేను పెంచిన రంగు దాన్ని ఇంకా చిక్కగా చేసింది. 

అనుమానం తీరక టీవీ రంగు నాబ్ పూర్తిగా తగ్గించేశాను. బొమ్మ నలుపు తెలుపైంది. రంగు అబద్ధమాడినా వెలుగునీడలు ఆడవు. కర్ర మీద నిజంగా నెత్తురు ఉంటే రంగు తీసేసినా అక్కడ నల్లగా కనిపించాలి. మిల్లు బావ కర్ర కింది నుంచి పైదాకా ఒకే తెల్ల గీత. నేను ఊపిరి పీల్చుకోబోయాను. అంతలో ఎడమ పక్కకు కన్ను పోయింది. అక్కడ పెద్దకొడుకు వాల్చి పట్టుకున్న కర్రకు కొసన జానెడు నల్లటి మరక ఉంది. రంగు ఉన్నప్పుడు అది కనిపించదు, అంత చిన్న దానికి క్యాసెట్‌లో రంగు నిలవదు. కర్ర చెక్క రంగులోనే కలిసిపోతుంది. రంగు తీసేస్తే ఆ నలుపు, దాని కింద మట్టిలో అదే నలుపు. దుమ్ములో, గుంపులో, తండ్రి మధ్యలోకి వచ్చింది చూడకుండా విసిరిన దెబ్బ. నా దుకాణం కౌంటర్ మీద మోచేతులు ఆన్చి నాకు దండం పెట్టినంత పని చేసినవాడి దెబ్బ.

మా ఆయన వస్తే మిల్లు బావ కర్ర సంగతి చెప్పాను. రెండో సంగతి చెప్పలేదు, చెబితే ఆయన కడుపులో దాగదు. ఆదివారం నేనే పోయి అసలు క్యాసెట్ చూపిస్తానన్నాను.

"నీకెందుకే గీ పరేషాన్" అన్నాడు. "మనం పెళ్లి తీసినం, క్యాసెట్ ఇచ్చినం, ఖతం. మన కాపీ తప్పంటె రేపు ఎవడన్న పిలుస్తడా మనల్ని?"

ఒక మనిషిని చంపబోతున్నారని అరిచాను. ఆయన వెనక గదిలోకి పోయి, అసలు క్యాసెట్ వీసీఆర్‌లో పెట్టి రికార్డు మీట మీద వేలు పెట్టాడు. దాని మీద వేరే పెళ్లి ఎక్కిస్తే పీడ పోతుందని ఆయన లెక్క. నేను వైరు పీకాను. చెంప పగలగొట్టాడు. అంతకుముందెప్పుడూ ఆయన నా మీద చెయ్యి ఎత్తలేదు, ఆ ఒక్కసారికే నా చెవి మూడు రోజులు మోగింది. నేనూ ఊరుకునే రకం కాదు. చేతికి అందిన మల్టీమీటర్ డబ్బా విసిరితే నుదుటి మీద తగిలి రెండు కుట్లు పడ్డాయి. నెత్తురు తుడుచుకుంటూ కింద కూర్చుని, ఐతారం నాడు వీసీఆర్ నేను మోసుకొస్తాలే అన్నాడు. వాచిన చెంపతో నేనూ, పట్టీ కట్టిన నుదురుతో ఆయనా బస్సులో పక్కపక్కనే కూర్చుని పోయాం. కండక్టర్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి నవ్వు ఆపుకున్నాడు.

పెళ్లికూతురి ఇంట్లోనే కూర్చున్నారు. పెద్దమనుషులు ఐదుగురు నులక మంచాల మీద, కొడుకులూ దాయాదులూ కర్రలతో గోడల వెంబడి. మిల్లు బావ మిర్యాలగూడ దవాఖానలో ఉన్నాడు, ఆయన తల్లి గడప బయట నేల మీద కూర్చుని ఉంది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. పెళ్లికూతురు టీవీకి ఎడమ పక్క గోడకు ఆనుకుని, మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆమెను ఎవరూ పట్టించుకోవడం లేదు. టీవీ మీద కుట్టుపని చేసిన గుడ్డ కవర్ ఉంది.

దారి పొడుగునా నేను ఆలోచించింది ఒక్కటే. చావబోయేవాణ్ణి కాపాడాలి, కానీ ఇంకొకణ్ణి చావుకు అప్పగించకూడదు. తండ్రిని కొట్టింది తానేనని తెలిస్తే ఆ మనిషి ఏ బావిలో దూకుతాడో, లేకపోతే తమ్ముళ్లే ఏం చేస్తారో. అది నిర్ణయించడానికి నేనెవరినని ఇప్పటికీ అనుకుంటాను. అప్పుడు అంత ఆలోచించే తీరిక లేదు. కిటికీ ఎండ అద్దం మీద పడుతోందన్న వంకతో టీవీ కవర్‌ను ఎడమ సగం మీదికి లాగాను. కుడి సగమే కనిపిస్తుంది.

మొదట పొద్దుటి పెళ్లి వేశాను. పెళ్లికూతురి నుదుటి బొట్టు దగ్గర ఆపి, రంగు నాబ్ తిప్పాను. బొట్టు నల్లబడింది. పాత టీవీలో కుంకుమ ఇట్లనే ఉండేదని ఒక ముసలాయన అన్నాడు. అంతే చాలు అనుకున్నాను. రంగు మళ్లీ పెట్టి, ముందు వాళ్ల కాపీ వేసి కర్ర కొసన ఎరుపు చూపించాను. గోడల వెంబడి కర్రలు కదిలాయి. ఎవడో బూతు మాట అన్నాడు. అప్పుడు అసలు క్యాసెట్ పెట్టాను.

"ఇప్పుడు రంగు మొత్తం తీసేస్తానండీ" అన్నాను. "నెత్తురైతే బొట్టులాగా నల్లగా కనపడాలి. మీరే చూసి చెప్పండి."

ఐదుగురూ మంచాల మీంచి లేచి టీవీ దగ్గరకు వచ్చారు. ఒకాయన కర్ర బొమ్మ మీద వేలితో కింది నుంచి పైకి రాశాడు. "కర్ర తెల్లగనే ఉన్నది" అన్నాడు. "నెత్తురు లేదు. పందిరి ఎరుపు పారింది." గడప బయట తల్లి నోట్లో కొంగు కుక్కుకుంది. ఆ రంగు పారడానికి కారణం నా కాపీ అని నేనే చెప్పాను. తల వంచుకోలేదు.

అప్పుడు పెద్దకొడుకు గోడ దగ్గర నుంచి కదిలాడు. ముందుకు వచ్చి ఆ గుడ్డ ఎందుకేసినవని అడిగాడు. ఎండ పడుతోందన్నాను. కిటికీ వైపు చూశాడు. ఎండ ఎప్పుడో పక్కకు జరిగిపోయింది. వీపు జనం వైపు పెట్టి, వంగి, గుడ్డ అంచు జానెడు పైకెత్తాడు. లెక్కపెడితే నాలుగు క్షణాలు కూడా ఉండవు. గుడ్డ వదిలేశాడు. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, కర్ర రెండు చేతులా ఎత్తి టీవీ మీద దించాడు.

టీవీ పిక్చర్ ట్యూబ్ లోపల గాలి ఉండదు. పగిలితే అద్దం మొదట లోపలికి పోయి, తర్వాత ఇల్లంతా చిమ్ముతుంది. బాంబులాంటి శబ్దం. ఒక పెద్దమనిషి కనుబొమ తెగింది. పెళ్లికూతురి చేతి మీద గాజు ముక్క దిగింది, ఆమె కదలలేదు. అతను ఇంకా కొడుతూనే ఉన్నాడు. డబ్బా, స్టాండు, గోడ, కర్ర రెండుగా విరిగేదాకా. విరిగిన ముక్కతో తన మోకాలి మీదే కొట్టుకోబోతే తమ్ముళ్లూ దాయాదులూ మీద పడి నేలకు అదిమారు. పాపం లేనివాణ్ణి కొట్టానని పిచ్చెత్తిందని అందరూ అనుకున్నారు. మా ఆయన గాజు ముక్కల్లోంచి వీసీఆర్‌ను, అందులో ఉన్న క్యాసెట్‌ను ఎత్తి చంకన పెట్టుకున్నాడు.

ఆ తర్వాత మిల్లు బావను మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ తీసుకుపోయి ఆపరేషన్ చేయించింది పెద్దకొడుకే. మంచం పక్కన నెల రోజులు ఉన్నాడు. బావ బతికాడు, కాలు మాత్రం వంగదు. బస్తాలు మానేసి మిల్లు గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటున్నాడు. పెళ్లికూతురు అత్తగారింటికి పోయింది. కేసు ఎవరి మీదా తేలక నీరుగారిపోయింది. పెద్దకొడుకు మళ్లీ కర్ర పట్టలేదు. గొర్ల వెంట ఉత్త చేతులతో తిరుగుతాడని, నోటితోనే అదిలిస్తాడని, గొర్ల కోసం చెట్టెక్కి ఆకు కూడా చేత్తోనే తుంచుతాడని ఆ వైపు నుంచి వచ్చినవాళ్లు చెప్పేవాళ్లు. బావను కొట్టినందుకు చేసుకున్న శిక్ష అని మెచ్చుకునేవాళ్లు. నేను వింటూ ఊరుకునేదాన్ని. ఊరుకున్న ప్రతిసారీ ఒళ్లు మండేది.

రెండువేల పద్నాలుగు వచ్చేసరికి వీసీఆర్‌లు తూకానికి పోయాయి. ఇంటింటికీ డిష్‌లు, సెట్‌టాప్ బాక్సులు. జనం పాత పెళ్లి క్యాసెట్లు పట్టుకొచ్చి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించమనేవాళ్లు. ఇప్పుడు బొమ్మ అంతా అంకెలే. ఇందులోనూ రంగుకు తక్కువ వాటాయే ఇస్తారు, కానీ అది కాపీ కాపీకీ జరగదు. మొదటి కాపీ ఎలా ఉందో వందో కాపీ అలాగే ఉంటుంది. నా పని తేలికైంది. ఆ ఒక్క క్యాసెట్ తలుచుకున్నప్పుడు మాత్రం ఈ సంగతి నన్ను భయపెట్టేది, అంకెల్లోకి ఎక్కితే ఆ నల్ల మరక ఇక ఎన్నటికీ చెరగదని.

ఆ ఎండాకాలమే పెళ్లికూతురు వచ్చింది. ఒక్కతే వచ్చింది, ముప్పై దాటిన మనిషి, మోచేతి కింద గాజు గీసిన మచ్చ. నాయిన బొమ్మ ఇంట్లో ఒక్కటీ లేదని, పెళ్లి క్యాసెట్‌లోనే ఉన్నాడని, నీ దగ్గర అసలుది ఉంటది గదా అక్కా అని అడిగింది. బీరువాలోంచి తీశాను. కంప్యూటర్‌లోకి ఎక్కుతుంటే ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూశాం. వాళ్ల నాయిన తెల్ల రుమాలు చుట్టుకుని, చేతిలో గరిటెతో, అందరినీ భోజనాలకు పిలుస్తూ నవ్వాడు. ఆమె కొంగుతో మూతి మూసుకుంది. విస్తర్లు ఎగరకముందే నేను మీట నొక్కి ఆపాను. ఈ తర్వాతది తీసేద్దాం తల్లీ, దెబ్బలాట చూడలేవు అన్నాను.

"తీసెయ్యి" అంది. "ఈ క్యాసెట్ గూడ నాకియ్యి. ఇంటికి పోయి పొయ్యిల పెడ్త." తెర మీద ఆగిపోయిన తండ్రి నవ్వు వైపే చూస్తూ చెప్పింది. "గా దినం నేను టీవీ పక్కన గోడకే కూసున్న. అన్న గుడ్డ లేపినప్పుడు కర్ర నాకు గూడ కనబడ్డది. నాకు ఎరుకలేదనే అన్న అనుకుంటడు, గట్లనే అనుకోనియ్."

 నేను ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్న బరువును ఈ పిల్ల అన్నేళ్లూ మోసింది. క్యాసెట్ ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుంది.

"నాయినకు మనకంటె ముందే ఎరుక అక్కా. ఎవరి దెబ్బనో చూసిండు. అందుకే జీపుల అన్న చెయ్యి పట్టుకొని, కొట్టినోన్ని ఏమనకుర్రి అన్నడు. మేమెవ్వరం ఇనలే."